ఆఖరి గడి

జహ్రాలో ఎండ నాలుగింటికి కూడా దిగదు.
సున్నం బండి తోసుకుంటూ
నిన్నటి గీత మీదే మళ్లీ గీత పోస్తుంటాను.
పిల్లోళ్లు వస్తారు, ముప్పై ఎనిమిది మంది,
వీపుల మీద గుడ్డ నంబర్లు పిన్నీసులతో గుచ్చుకుని.
దేశం జట్టుకు ఇరవై మూడు మంది చాలంట.

ఏరడమంటే నాకు తెలుసు.
కోడూరు మండీలో పదకొండేళ్లు బొప్పాయి ఏరినోణ్ణి.
ఒక్క పసుపు చారుంటే ఢిల్లీ లారీ,
రెండుంటే మద్రాసు,
మూడు దాటితే ఆ పొద్దుటి సంతకే.
బొటనవేలు చెప్పేది, నేను వినేవాణ్ణి.
మచ్చ కాయ తియ్యగుంటుందని తెలిసీ
పక్కన పారేసేవాణ్ణి.
మచ్చకు బిల్లు రాయరు.

ఇక్కడ ఏరేది గోరాన్.
ఏదో చలిదేశమాయన, ముక్కు మీద తెల్ల పూత,
మెళ్లో ఈల, చేతిలో అట్ట.
మొదట గడియారం. ముప్పై మీటర్లు.
తర్వాత, పిట్టలా కూసే డబ్బా ఒకటుంది,
అది కూసే లోపల ఈ కొసనుంచి ఆ కొసకు,
ఊపిరి తెగిందాకా.
బరువు తూస్తారు, చీలమండలు తిప్పి చూస్తారు.
అవన్నీ అట్ట మీదికెక్కుతాయి.
ఆయన కళ్లు మాత్రం వేరే చోట ఉంటాయి, కనిపెట్టాను:
బంతి రాకముందే తల తిప్పి చూసిందెవరు,
పోగొట్టుకున్నాక నడుం మీద చేతులేసుకుని నిలబడిందెవరు,
ఎవరు వెనక్కి ఉరికారు.
నీళ్లు తాగి మూత బిగించి పక్కోడికిచ్చిందెవరో కూడా.

తొమ్మిదో నంబరు ధారీ, మంచి ఒడ్డూ పొడుగూ.
వాడు తిరిగితే గడ్డి చెక్కలు చెక్కలుగా లేస్తుంది,
రాత్రి కూర్చుని నేనే పూడ్చాలి.
పదిహేడో నంబరు ఫలాహ్, ఎడమ కాలివాటం.
వాడెంత వేగంగా మలుపు తిరిగినా
కింద ఒక్క పరక చిట్లదు.
ఇది గడ్డి కోసేవాడికి తెలుస్తుంది,
అట్ట మీద దానికి గడి లేదు.

మూడో రోజు పదిహేడు చుట్టూ
గోరాన్ ఎర్ర సున్నా చుట్టాడు.
చుట్టేటప్పుడు నేను ఆయన వెనకే ఉన్నాను, పైపు పట్టుకుని.
అప్పుడొచ్చాడు ఆఫీసు హమ్దీ, చంకలో ఫైలు.
ఆఖరి గడి చూపించాడు.
గోరాన్ టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

ఫలాహ్ తాత ఇక్కడి ఇసుకలోనే ఒంటెల్ని మేపాడు.
నాయన ఆరో రింగు రోడ్డు పక్కన
బండి మీద పుచ్చకాయలమ్ముతాడు.
వాడు పుట్టిన ఆస్పత్రి గోల్‌పోస్టు మీదుగా కనిపిస్తుంది.
అయినా గడి ఖాళీ.
వాళ్లను బిదూన్ అంటారు.
'లేకుండా' అని అర్థమంట.
ఏది లేకుండానో ఆ మాటలో చెప్పరు.

సాయంత్రం అందరూ కార్లెక్కి పోయారు. వాడు పోలేదు.
పైపు చుట్టడానికి రెండో కొస పట్టుకున్నాడు.
నాకొచ్చిన అరబ్బీ నాలుగు ముక్కలు, వాడికి ఓపిక.

"పెంచల్, నీకు దేశముందా?"
"ఉంది."
"కాగితం?"
"అదీ ఉంది. కఫీల్ బీరువాలో."

వాడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.
నవ్వు అయిపోయాక ఏం చెయ్యాలో తెలీక
చుట్టిన పైపే విప్పి మళ్లీ చుట్టాం.

బొంబాయిలో నన్నూ ఏరారు.
ఎక్స్‌రే తీశారు, పళ్లు చూశారు,
సిమెంటు బస్తా ఎత్తించి
ఎన్ని అడుగులు వేస్తానో లెక్కపెట్టారు.
నెగ్గానని ఆ రాత్రి బిర్యానీ తిన్నాను.
దేంట్లో నెగ్గానో వాడికి చెప్పబోయి ఊరుకున్నాను.

మండీలో పారేసిన మచ్చ కాయల్ని
పొద్దు గూకాక గోనెపట్టాల మీద కూర్చుని
మేమే కోసుకు తినేవాళ్లం.
అంత తీపి లారీలో ఎప్పుడూ ఎక్కలేదు.
ఈ సంగతీ చెప్పలేదు. బొప్పాయికి అరబ్బీ రాలేదు.

జాబితా తలుపుకు అంటించారు. ఇరవై మూడు పేర్లు.
వాడు దాని ముందు నుంచే నడిచి
నా పచ్చి గీత దగ్గరికొచ్చి
కాలెత్తి, తొక్కకుండా దాటాడు.
ధారీ ఎప్పుడూ తొక్కుతాడు.

"రేపు ఉంటావా?" అన్నాడు.
రేపు గురువారం, నీళ్లు పట్టే రోజు, ఆట లేదు.
అయితే వెనక గేటు తాళంచెవి
నా దగ్గరే ఉంటుంది.