చెవికోత

సముద్రం మా ల్యాబుకు
జిప్పు కవర్లల్ల వచ్చింది.
ఓఖా నుంచి ఇరవై, మండపం నుంచి ఇరవై,
భీమిలి నుంచి పదిహేడే,
మూడు దారిలనే బూజు పట్టినయి.

నీలం గుళ్ళ నడుమ ఎండిపోయి
గోధుమరంగు నాచు,
తునికాకు చూర లెక్క.
ముక్కు దగ్గర పెట్టుకుంటే
కోస్గి సంతల ఎండుచాపల బుట్ట.
అంతకు మించి సముద్రం నాకు తెల్వదు.

నూరితే జిగురు.
గంజి వార్చిన కుండ అడుగు తీరు
పట్టుకుంటది, డీఎన్ఏను ఇడువదు.
మూడుసార్లు కడిగిన. నాలుగోసారి
ట్యూబు అడుగున దూదిపోగంత తెలుపు.
ఆ దినం మహబూబ్‌నగర్ల నలభై మూడు డిగ్రీలు.
కరెంటు పోయింది.
ఫ్రీజర్ తలుపు తెరవొద్దని చీటి అంటించి
దానికే వీపు ఆనిచ్చి కూసున్న.

నాకు కావాల్సింది ఒక గుర్తు.
రెండక్షరాలు మళ్ళ మళ్ళ వచ్చే చోటు,
సీఏ సీఏ సీఏ సీఏ
మంద మళ్ళేసేటప్పుడు మా బీరయ్య మామ
నాలుక మడిచి కొట్టే సప్పుడు తీరు.
ఒక తీరాన పదకొండుసార్లు, ఒక తీరాన పద్నాలుగు.
ఆ తేడానే ఊరు పేరు చెప్తది.

ముప్పై రెండు ప్రైమర్ జతలు తెప్పించిన.
పదమూడు పలకనే లేదు.
పది జతలు అందర్నీ ఒక్క తల్లి పిల్లలన్నయి,
అబద్ధం కాదు గని, పనికి రాదు.
మిగిలినయి తొమ్మిది.
నోటుబుక్కుల రాసి చుట్టూ గీత గీసిన.
మళ్ళ గీసిన.

ఊరికి పోయినప్పుడు మామకు చెప్పిన.
ఆయన గొర్రెపిల్లను తొడల నడుమ ఇరికించుకొని
కుడిచెవి కొసకు చీలిక, ఎడమచెవికి అరచందమామ
కోస్తుండు, పసుపు అద్దుతుండు.
"మూడేండ్ల కింద పోయిన పొట్టేలును
పెబ్బేరు సంతల చెవి చూసే పట్టిన.
కొన్నోడు తనదేనని ఒట్టేసిండు.
చెవి ఒట్టెయ్యదు."
కొంచెం ఆగి,
"నీ నాచుకు చెవులు ఏడున్నయ్ పిల్లా?"

జూన్ల, జెల్లు కింద దీపం ఏసి చూస్తే
భీమిలి ఎనిమిదో నెంబరు
ఓఖా చెవికోత చూపించింది.
మళ్ళ చేసిన. మళ్ళ అదే.
గాలిబుడ్డలు కట్టుకొని తేలొచ్చిందో,
ఓడ అడుగుకు కరుసుకొని వచ్చిందో,
కవరు మీద పేరు రాసినోడి చెయ్యే తప్పిందో.
గుర్తు ఏడిదో చెప్తది.
ఎట్లొచ్చిందో చెప్పదు.

మామకు ఫోన్ చేసిన.
చెవి దొరికింది మామా అన్న.
ఇన్నడో లేదో, మంద మళ్ళేస్తుండు,
ట్ర్ర్ ట్ర్ర్ ట్ర్ర్
లెక్కపెట్టిన.
పన్నెండు కాడ
సిగ్నల్ పోయింది.