నలుపు తెలుపు మనిషి

బఫెలోలో గుడ్డు పగలగొట్టడం రాని మనిషి ఒకడున్నాడు.
పదకొండేళ్ళు అదే అతని ఉద్యోగం.

కాజిమిర్ వొయ్‌తోవిచ్.
రాత్రి రెండు దాటాక టీవీలో వచ్చేవాడు,
ఎప్పుడూ నలుపు తెలుపుల్లోనే.
టమాటా కోయబోతే అది గోడకెక్కేది.
దుప్పటి కప్పుకోబోతే దుప్పటే అతన్ని మింగేది.
సీసా మూతతో కుస్తీ పట్టి, ఓడి,
కెమెరా వైపు తిరిగి తల అడ్డంగా ఊపేవాడు:
ఇంతకంటే మంచి దారి లేదా?
ఉండేది.
రంగులొచ్చేవి. రంగులతో పాటు వేరే మనిషి వచ్చేవాడు,
పళ్ళన్నీ చూపిస్తూ, అరచేతిలో వైకుంఠం పట్టుకుని,
పంతొమ్మిది డాలర్ల తొంభై తొమ్మిది సెంట్లకి.
కాజిమిర్‌కి ఒక్కసారీ రంగు అంటలేదు.

ఇప్పుడు డెబ్భై ఒకటి.
మొన్న గురువారం మా ఆటకి వచ్చాడు,
మూతపడ్డ బౌలింగ్ హాలు కింద, నేలమాళిగలోకి.
నలభై రెండు కుర్చీలు, ఏ రెండూ ఒక జత కావు.
లైట్లు నావి.
బూడిద రంగు నుంచి పసుపుకి ఒక్క మీట,
అంతే నా కళ.

వేదిక మీద రొవీనా అరుస్తోంది,
అసలు టీవీ అమ్మకందారు కంటే అర అంగుళం ఎక్కువ నవ్వుతూ.
మా వెటకారమంతా ఆ అర అంగుళంలోనే ఉంది.
"మీ ఇంట్లో వస్తువులు మీకు లొంగడం లేదా?
తలుపు గొళ్ళెం మిమ్మల్ని చిన్నచూపు చూస్తోందా?
ఇదిగో, చెయ్యి!
పట్టుకుంటుంది! వదిలేస్తుంది! వీపు గోకుతుంది!
కరెంటు అక్కర్లేదు! ఐదు వేళ్ళు!
అందులో బొటనవేలు పూర్తిగా ఉచితం!
ఆగండాగండి, అప్పుడే ఏం చూశారు,
ఈ క్షణమే ఫోన్ చేస్తే రెండో చెయ్యి కూడా మీదే,
మోసే ఖర్చు భుజమే భరిస్తుంది!"

జనం కుర్చీల్లోంచి జారుతున్నారు.
ముందు వరసలో నర్సు దుస్తుల్లో ఒకావిడ
నవ్వుతూ నవ్వుతూనే తన చెయ్యి తిప్పి చూసుకుంది,
బేరం కుదిరేలా ఉందన్నట్టు.

తర్వాత గుడ్డు.
"ఎవరైనా పైకొస్తారా?"
ఆయన లేచాడు. ఎవరో మాకెవరికీ తెలీదు.
బూడిద వెలుగులో నిలబడగానే
నా కడుపులో ఏదో కదిలింది. ఆ మెడ వంపు, ఆ మోచెయ్యి.
నా పన్నెండో ఏట, నాన్న నైట్ షిఫ్టు నుంచి వచ్చేదాకా
ఇంట్లో నాకు తోడున్నవాడు.

మొదటి గుడ్డు చొక్కా జేబులో పగిలింది.
రెండోది చెవి వెనక, ఎలాగో.
మూడోదాన్ని ముట్టుకోకముందే బల్ల మొత్తం ఒరిగింది.
రొవీనా మాటలు మర్చిపోయి నేల మీద కూలబడి నవ్వుతోంది.
మేమేదో కొత్తగా ఎగతాళి చేస్తున్నామనుకున్నాం.
ఈయన పదకొండేళ్ళు,
వాళ్ళ స్టూడియోలోనే, వాళ్ళ జీతం మీదే,
అదే చేసి ఇంటికెళ్ళాడు.

నాలుగోది.
ఒంటి చేత్తో, చూడకుండా, గిన్నె అంచున చిన్న దెబ్బ.
పెంకు ముక్కైనా పడలేదు. పచ్చసొన గుండ్రంగా నిలిచింది.
ఎవరూ నవ్వలేదు.
రంగు వెయ్యాల్సింది అప్పుడే.
నా వేలు మీట మీదే ఉండిపోయింది.

"బాగానే పనిచేస్తుంది," అన్నాడు,
చెయ్యి ప్యాంటుకి తుడుచుకుంటూ.

ఆట అయ్యాక గుమ్మం దగ్గర అట్టపెట్టెలు పెట్టాం.
లోపల ఏమీ లేదు. పక్కన మణికట్టు పట్టేంత కన్నం.
ఎవరి చెయ్యి వాళ్ళే పెట్టుకోవాలి.
నవ్వుకోడానికి చేసిన ముప్ఫై పెట్టెలూ అమ్ముడయ్యాయి.
నేనూ కొన్నాను. రెండు.
రెండోది ఉచితమన్నారు మరి.
ఆ మాట రొవీనాకి రాసిచ్చింది నేనే.

బయట మంచు. వీధంతా నలుపు తెలుపు.
బస్‌స్టాపులో కాజిమిర్ గొడుగు విప్పుతున్నాడు.
అది తిరగబడి టోపీని ఎత్తుకుపోయింది,
ఒక ఊచ కోటు గుండీకి చిక్కుకుంది.
నా వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

నవ్వాలో, పరిగెత్తాలో
తేల్చుకోలేక గుమ్మంలోనే నిలబడ్డాను.
చేతులు రెండూ ఖాళీ లేవు.