మూడో ఆసిలేటర్

పోలండ్, వూచ్ నగరం.
మూతపడ్డ నేతమిల్లులో నాలుగో అంతస్తు.
సోల్డరింగు పొగ, చల్లారిన టీ,
పైరేకు విప్పిన సింథసైజర్ ముందు ముసలి జెనోన్.
"ముందు ఒక్కదాన్నే విను" అన్నాడు.

మొదటి ఆసిలేటర్ పలికింది.
ముడత లేని స్వరం,
వినగా వినగా విసుగు పుట్టించే నిజాయితీ.

పసుపు తీగను రెండోదాని నోట్లో గుచ్చి
రెండో కొస నా చేతికిచ్చాడు.
"మొదటిదాని మెడకు తగిలించు, కాలినా.
దీని గొంతు మనకు వినబడదు.
దాన్ని పట్టి ఊపుతుంది, అంతే."

సెకనుకు మూడు ఊపులు:
స్వరం ఉయ్యాలెక్కింది.
ఆరు: ఏడుపు దిగమింగుకుని ఎవరో పాడుతున్నారు.
పదిహేను: చలికి పళ్లు టకటకలాడాయి.
తిప్పుతూనే ఉన్నాను.
ముప్పై దాటాక ఎక్కడో
ఊపు మాయమైంది.
వణుకు ఆగలేదు,
వణకడం వినబడటం ఆగింది.
ఖంగుమని గదిలో గంట!
రాగి లేదు, తగరం లేదు, పోతపోసినవాడు లేడు,
అంచున బీటతో సహా గంట.

"రెండింతలో మూడింతలో పెడితే
సంసారపక్షంగా ఉంటాయి రెండూ" అన్నాడు.
"ఎటూ కాని సందుల్లోనే
గంటలు దాక్కునేది."

లోతు పెంచితే తుప్పురేకు.
ఇంకా పెంచితే
మంచులో మలుపు తిరిగే ట్రాము కీచు.

గది వెచ్చబడేకొద్దీ శ్రుతి జారిపోతోంది.
రేడియేటర్ కట్టేసి కోట్లు తొడుక్కున్నాం.

సరిచేయడానికి జెనోన్ చెయ్యి చాచాడు.
నాలుగేళ్లుగా వణుకుతున్న చెయ్యి.
సెకనుకు ఐదుసార్లట,
ఆసిలోస్కోపుకు తగిలించి తనే కొలుచుకున్నాడు,
ఆ సంగతి కాస్త గర్వంగానే చెబుతాడు.
వేళ్లు నాబ్‌ను తాకాయో లేదో
గంట లోపల ఎవరో మేలుకున్నట్టు
కంచు కంఠం తడబడింది,
ఊపిరి తీసుకుంది.

మణికట్టు పట్టుకోబోయాను.
"వదిలెయ్" అన్నాడు.
"నేను గీసిన సర్క్యూట్‌లో లేదు గానీ
ఇది మూడోది."

రాత్రి ఇంట్లో, నా చిన్న యంత్రం మీద
అదే గంట కట్టాను,
దానికో నెమ్మది అల జోడించాను.
మోగింది. మోగడానికేం,
లిఫ్టు తలుపు తెరుచుకున్నట్టు మోగింది.

ఫోన్ చేశాను.
"సరిగ్గా ఐదు పెట్టావా?"
"సరిగ్గా ఐదే."
"అదే మరి" అన్నాడు,
అవతల టీ గ్లాసుకు చెంచా తగిలి
గలగలలాడుతూనే ఉంది,
ఆయన ఫోన్ పెట్టేసేదాకా.