నలభై లోడ్లు

కత్తిరెండలు మొదలైన రెండో వారం
ట్యాంకరు పంపు చెడిపోయింది.
రేణిగుంట షెడ్డులో నిలబెట్టేసినారు,
సామాను వచ్చేది మంగళవారమంట.
"సోమవారం యాడికన్నా పోదాం,
పిలకాయల్ని నీళ్ళల్లో ఆడిద్దాం" అన్నాడు మా ఆయన,
ఏడాది పొడుగునా నీళ్ళు తోలే మనిషి.

నీళ్ళాట రెండు రకాలంట.
మెడ్రాసులో, మాలు మూడో అంతస్తులో ఒకటి.
పైన కప్పు, కప్పుకి నీలం రంగు,
ఆ నీలంలో పెయింటు మబ్బులు.
ఎండ తగలదు, అరికాళ్ళు కాలవు,
మనిషికి తొమ్మిదొందలు.
పుత్తూరు దావలో ఇంకొకటి, ఆరుబయట.
మనిషికి నాలుగొందలు,
ఎండ మాత్రం ఎంత కావాలంటే అంత ఉచితం.

పాప లిఖిత కప్పుండేదే అనింది.
పదో తరగతి అయిపోయింది, జూన్‌లో కొత్త కాలేజీ,
నల్లబడి పోనంటాది.
అది పైకి చెప్పిన మాట.
చెప్పనిది నాకు తెలుసు.
ఆరుబయట జారుడుబండ పక్కనే హైవే,
బస్సు కిటికీలకి కండ్లుంటాయి.

చిన్నోడు భువన్ అడిగినాడు:
"కప్పు కింద వానెట్ట కురుస్తాదిమా?"
వాళ్ళే కురిపిస్తారంట నాయనా,
గంటకొకసారి, బెల్లు కొట్టి.
"కప్పు కింద పడేది వాన కాదుమా,
కారేది."

అందరం నవ్వినాం.
తర్వాత ఎవురూ నవ్వలా.
మొన్న కార్తీకంలో తుపానుకి
కొర్లగుంటలో మా రేకులిల్లు
టిక్కెట్టు లేని ఇండోర్ పార్కే కదా.
గిన్నె పెట్టిన చోటొదిలి పక్కన కారేది.
చెప్పులు పడవలై మంచం కింద తిరిగినాయి.
బియ్యం డబ్బా మీద కూర్చోని
వీడు చప్పట్లు కొట్టినాడు,
నేను కరెంటు మెయిను ఆపేసి
చీకట్లో నిలబడితిని.

అందుకే ఆరుబయటకి పోయినాం అంటే అబద్ధం.
నలుగురికి రెండువేలు తేడా.
అంతే.

పులిహోర సంచి గేటు కాడే పెట్టించుకున్నారు.
చీర కుదరదన్నారు.
బాడుగకి నల్ల నైలాను గుడ్డలిచ్చినారు,
ఎవురిదో సబ్బు వాసన,
మోకాలి కాడ కుట్టు ఊడి.
పెండ్లయినాక నా పిక్కలు ఇంత ఎండ చూడలా.
సిమెంటు నేల మీద
బాండ్లీలో ఆవాల మాదిరి చిటపటలాడుకుంటా
పరిగెత్తినాం.

లిఖిత గంటసేపు తువ్వాలు కప్పుకోని
గొడుగు కిందే.
ఎప్పుడు లేచి పోయిందో నేను చూడలా.
అంత ఎత్తునుంచి, పసుప్పచ్చ గొట్టంలోంచి
ఒక అరుపు జారుకుంటా వచ్చింది,
నా కూతురి గొంతే,
ఇంట్లో ఎప్పుడూ విననిది.
హైవే మీద బస్సొకటి పోయింది.
పోతే పోయింది.

మా ఆయన మాత్రం గట్టు దిగలా.
అలల కొలను పొడుగు, వెడల్పు
కండ్లతోనే కొలుస్తాండాడు.
"నలభై లోడ్లు" అన్నాడు చివరికి.
"మన ట్యాంకరుతో నలభై.
మన వీధికి రెండు నెలలు."
కాసేపాగి, "ఎవురు తోలినారో!"
చెయ్యి పట్టి లాగితిని.
మొదటి అల మోకాళ్ళకి, రెండోది నడుముకి.
మూడోదానికి మనిషే కనపడలా.
లేచి, ముక్కు చీదుకోని,
చిన్నోడి కంటే గట్టిగా నవ్వినాడు.

సాయంత్రం లాకరు తెరిస్తే
ఫోన్లో పదకొండు మిస్సుడు కాల్సు.
"రేపు మద్దేనానికి పంపిస్తా మునెమ్మత్తా,
ముందు నీ లోడే" అంటాండాడు,
తల కారతానే ఉండాది.

ఇంటికొస్తే
బాత్రూంలో ఒక బకెట్టు, సగం.
నలుగురి ఒంటి మీదా మందునీళ్ళ వాసన.
ముందెవురు పోసుకోవాలని
మళ్ళీ మొదలయింది వాదులాట.