రిజిస్టరుకి ఎండ

ముందు ఫినాయిలు మానేశాం.
గుణుపురం రికార్డు గదిని
ముప్పై ఏళ్ళుగా తుడుస్తున్నది దాంతోనే.
పోయినేడు ఒకాయన గుమ్మం దాకా వచ్చి
ముక్కు మూసుకుని వెనక్కి తిరిగి
వంశధార వంతెన దాటి వెళ్ళిపోయాక తెలిసింది,
హాస్టల్లో తెల్లారగట్ల నేలంతా అదే వాసనని.

తర్వాత బల్ల మీది గంట తీసేశాం.
కుర్చీని తలుపు వైపు తిప్పాం,
ఎప్పుడైనా లేచి పోవచ్చని కుర్చీయే చెప్పేలా.
వేలిముద్రల డబ్బా సొరుగులోకి పోయింది.
పక్కన కూర్చోడానికి పద్మినమ్మ వస్తోంది,
ఒకప్పుడు నర్సు. మాట్లాడించదు.
మంచినీళ్ళు పోస్తుంది, అంతే.

ఇవాళ సొంబారి వచ్చింది,
పుట్టాసింగి కొండల్నుంచి, రెండు బస్సులు మారి.
రిజిస్టర్లో ఆమె సొంబారి కాదు, సరస్వతి.
ఏ మాస్టారికో ఆ పేరు చేతికి అలవాటు.
"నాది చదవొద్దు. నాది నాకు తెలుసు.
చెల్లిది చూడు."

నలభై ఒకటో పేజీ.
చదవమంటారా, మీరే చూస్తారా, ఇవాళ్టికి వద్దా
అని అడగాలి నేను. అడిగాను.
చదువు, అంది.
గురుబారి. తొమ్మిదేళ్ళు.
పక్కన ఎర్రసిరాతో ఒడియాలో ఒక్క మాట.
తెలుగులో చెప్పడానికి నోరు రాలేదు. చెప్పాను.
పారిపోయినది.

పద్మినమ్మ గ్లాసు ముందుకి జరిపింది.
సొంబారి ముట్టుకోలేదు.
"పారిపోలేదు. జొరం దానికి.
రాత్రంతా డాఆ, డాఆ అంది.
మా సవర మాటలో అడిగితే
నీళ్ళివ్వకూడదని రూలు.
ఒడియాలో ఎలా అడగాలో దానికింకా రాదు.
నాకొచ్చు.
నేను అడగలేదు."

ఫ్యాను తిరుగుతోంది.
శిక్షణలో రాసుకున్న ఓదార్పు మాటలు
నాలుగున్నాయి నా దగ్గర.
ఒక్కటీ బయటికి తీయలేదు.

చాలాసేపటికి ఆమే అంది,
"చెమ్మ పట్టింది దీనికి. ఎండలో పెట్టు."
రిజిస్టరు గది దాటకూడదు.
మోసుకొచ్చి వరండా మెట్టు మీద పెట్టాను.
కందులు ఆరబోసినట్టు
కాగితం కాగితం విప్పింది,
నలభై ఒకటి గాలికి లేవకుండా
బస్సు చిల్లర మూట బరువు పెట్టింది.

సాయంత్రం నా ఫారంలో ఒక గడి మిగిలింది:
వచ్చిన పని.
"డాఆ అని రాయి" అంది.
రాసి చదివి వినిపించాను.
అలా కాదు, మధ్యలో గొంతు ఆగాలి, అంది.
మళ్ళీ చదివాను. మళ్ళీ కాదంది.
నా యాభై ఆరు అక్షరాల్లో
ఆ ఆగడానికి అక్షరం లేదు.
బస్సు టైమయ్యేదాకా
నేర్పుతూనే ఉంది.