పన్నెండో బెజ్జం

మకో ఊళ్లో టెలిఫోను బోర్డుకి
మూడువందల పది ఇత్తడి బెజ్జాలు.
బోర్డు విప్పి లారీకెక్కించే రోజున
ఒక్కోదాన్నీ వేలితో తడిమి చూశాను.
చాలావాటికి కొత్త మెరుపు పోలేదు.
ఏడాదికి పదిసార్లు దూర్చిన తాడు ఏం అరగదీస్తుంది?
ఏ ఆరో ఏడో మాత్రం
ముసలివేలి ఉంగరాల్లా పల్చబడ్డాయి.
పన్నెండు అరిగి అరిగి
గుండ్రం కూడా మిగల్లేదు.

పన్నెండంటే తెర్కా. మంత్రసాని.

నేను పనిలో చేరిన ఏడు లైన్లు నలభై ఒకటి.
తర్వాతవి ఒకటీ ఒకటీ వచ్చి తగులుకున్నాయి.
ఎవరూ గీసిన అల్లిక కాదిది,
సెగెద్ నుంచి ఏ ఇంజనీరూ పటం తేలేదు.
కొత్తగా ఫోను పెట్టించుకున్నవాడు
మొదట ఎవర్ని అడుగుతాడు?
అందరూ అడిగేవాళ్లనే.
"పన్నెండు ఇవ్వమ్మా."
బిడ్డకి జ్వరమని, ఆవు ఈనలేకుందని,
ఉల్లినారు ఎవరమ్ముతున్నారని,
ఒక్కోసారి ఊరికే, ఫోను పలుకుతోందో లేదో చూద్దామని.
కలిగినవాళ్లకి అందరూ చుట్టాలే అంటారు.
తెర్కాకి కలిగినదల్లా పిలుపులే,
అవే వడ్డీకి వడ్డీ కట్టుకుంటూ పెరిగాయి.

అరవై రెండులో మంచువాన.
నలభై తీగలు తెగి పొలాల్లో పడ్డాయి.
తెల్లవార్లూ పక్కిళ్లకి కలిపాను,
"గోడమీంచి ఒక్క కేకెయ్యండి" అంటూ.
రొట్టెల గెర్గే సైకిలు మీద మూడు కబుర్లు మోశాడు.
నలభై గొంతులు పోయినా
ఊరు మాట తప్పలేదు.

అరవై ఎనిమిది అక్టోబర్లో,
ఉల్లిజడలు అల్లే రోజుల్లో
తెర్కా పోయింది.
ఒక్క తీగ తెగలేదు. స్తంభాలన్నీ నిలబడే ఉన్నాయి.
అయినా నా బోర్డు మీద తాళ్లు
మూడు గుంపులుగా విడిపోయాయి.
స్టేషను వీధి స్టేషను వీధితోనే,
మరోష్ గట్టు గట్టుతోనే,
సంఘం వాళ్లు సంఘం వాళ్లతోనే.
మధ్యలో చెయ్యి పట్టేంత ఖాళీ.
గట్టువాళ్లకి వీధిలో ఎవర్నడగాలో
అడగడానికి మనిషి లేదు.

ఆ నెల్లోనే ఓ అర్ధరాత్రి
యుత్కాకి నొప్పులు.
అత్తగారు అలవాటుగా అంది: "పన్నెండు."
నేను మాట్లాడలేదు.
"తెలుసు," అంది తనే. "అయినా ఇవ్వు."
ఇచ్చాను.
తాళం పెట్టిన ఇంట్లో తొమ్మిదిసార్లు మోగింది.
పదోసారికి తాడు లాగేసి
"చెప్పండి" అన్నాను.
మొద్దుగా, నిద్రగొంతుతో,
బిడ్డల్ని పట్టడం రాని నేను.

వేడినీళ్లు పెట్టమని ఆమెకి చెప్పి
గట్టునుంచి నర్సును లేపి
గెర్గే వ్యానును లేపి
బడిమేష్టారి లాంతరును లేపి...
ఆడపిల్ల. పేరేం పెట్టారో మర్చిపోయాను.

తర్వాత జనం నంబరు చెప్పడం మానేశారు.
బుడ్డి ఎత్తి నేరుగా సంగతి చెప్పేవాళ్లు.
ఎవరికి కలపాలో నేను చూసుకునేదాన్ని.

లారీ మలుపు తిరిగాక గుర్తొచ్చింది.
నా హెడ్‌ఫోను దూర్చే బెజ్జం
బోర్డు కింద, అంచున, నంబరు లేకుండా ఉండేది.
దాన్నొక్కదాన్నీ
తడిమి చూడలేదు.