మహబూలా

మహబూలా అంటే అరబ్బీల పిచ్చిది అని అర్థమట.
మొదటిరోజు బస్సుల ఈజిప్టు ఫోర్మన్ చెప్పిండు.
అందరం నవ్వినం.
గంగనర్సు గూడ నవ్విండు,
అందరికంటె ఎక్కువసేపు.

మూడో ఎండకాలానికి
వాడు రాత్రిళ్లు లేచి మంచాలు లెక్కవెట్టుడు షురు జేసిండు.
పదకొండు, అంటడు. మళ్ల మొదటికెళ్లి.
పన్నెండోది వాని మంచమే.
దాన్ని ఎన్నడు లెక్కల వట్టలే.
కింది బెడ్డుకెళ్లి నేనే అంట, పన్నెండు, పండు ఇగ.

శుక్రవారం నమాజు అయినంక
కిరాణం దుకాణం మీది అంతస్తుల
ఏలియామ్మ సిస్టర్ ఒక గది తెరుస్తది.
దవాఖాన డ్యూటీ దిగి, బూట్లు గూడ ఇడువకుండ.
ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కేటిల్, సులేమాని చాయ్.
బోర్డు లేదు. బోర్డుంటే ఎవ్వరు రారు.
రాయచోటి దిక్కు ఆమె ఒకతె
చెత్త పారేసొస్తనని సేటమ్మకు చెప్పి వస్తది,
ఖాళీ కవరు ఒళ్లె వెట్టుకొని పావుగంట కూసుంటది.
టేక్ బహదూర్ ఏం మాట్లాడడు.
మాట్లాడనోళ్లకు గూడ చాయ్ వోస్తరు.

చెవుల ఎవరన్న మాట్లాడినట్టు అయితదా?
సిస్టర్ హిందీల అడిగింది. నేను తెలుగు జేసిన.
ఏసీ, అన్నడు వాడు.
ఏసీ ఏమంటదిరా?
కిస్తీ కట్టినవా అంటది.
కిస్తీ హిందీల గూడ కిస్తీయే,
అయినా నాకు శానసేపు నోరు రాలె.

పిచ్చి అనకుండ్రి అన్నది సిస్టర్.
మరేమనాలె? షుగరున్నోనికి షుగరంటం గద.
గంగనర్సు అనుండ్రి, అన్నది.

గోలీల డబ్బ నా దిండు కింద.
నాకు నైట్ డ్యూటీ పడితె రాంసకల్ ఇస్తడు.
మింగినంక నాలిక సాపి చూపిస్తడు,
వద్దురా, నమ్ముత అన్నా చూపిస్తడు.
పనికి పోలేని నాడు
గది గదంత ఒక్కటే అబద్ధం ఆడుతది,
కడుపునొప్పి సార్.
క్యాంపు బాసు ఈ నడుమ
మీ గదిల నీళ్లు మంచిగ లెవ్వా అంటున్నడు.

మొన్న శుక్రవారం సిస్టర్ అడిగింది,
రాత్రి నిద్ర వడుతున్నదా?
నేను అలవాటుకొద్ది పక్కకు తిరిగి
రాత్రి నిద్ర వడుతున్నదారా అన్న.
గంగనర్సు చాయ్ కింద వెట్టిండు.
నన్ను గాదు, అన్నడు.
నిన్ను అడుగుతున్నది.